పీహెచ్‌పీ ఎర్రర్లు, ఎక్సెప్షన్లు: ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ పోనివ్వాలి

పేజీ తెరిస్తే తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు. లాగ్ ఫైల్ తెరిస్తే అదీ ఖాళీ. పీహెచ్‌పీతో పనిచేసేవాళ్లను ఎక్కువగా సతాయించేది ఈ పరిస్థితే. నిజానికి ఏం తప్పు జరిగిందో, ఏ ఫైల్లో ఏ లైన్లో జరిగిందో పీహెచ్‌పీ దాదాపు ప్రతిసారీ చెబుతూనే ఉంటుంది. మధ్యలో ఏదో ఒక సెట్టింగో, ఖాళీ క్యాచ్ బ్లాకో (తప్పును పట్టుకునే కోడ్ ముక్క), వార్నింగుల నోరు మూసే ఒక @ గుర్తో ఆ మాటను మింగేస్తుంది. అందుకే ఈ పనికి ఒక్కటే లెక్క పెట్టుకోవాలి. ఏ వైఫల్యమైనా దాన్ని సరిదిద్దగల కోడ్ చేతికి చిక్కాలి, లేదంటే లాగ్‌లో పడి యూజర్‌కి 500 (సర్వర్‌లో తప్పు జరిగిందని చెప్పే స్టేటస్ కోడ్) వెళ్లాలి. మూడో దారి ఉండకూడదు.

కింద వచ్చే సెట్టింగులు, ఫంక్షన్ల పేర్లలో పదాల మధ్య ఖాళీ కనిపించిన చోట కోడ్‌లో అండర్‌స్కోర్ ఉంటుంది. క్లాసుల పేర్లు మాత్రం కలిపే రాయాలి.

ముందు ఎర్రర్ కంటికి కనబడాలి

కోడ్ జోలికి వెళ్లకముందు మీ సర్వర్ ఏ పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ (పీహెచ్‌పీ సెట్టింగుల ఫైల్) చదువుతోందో తేల్చుకోండి. టెర్మినల్‌లో పీహెచ్‌పీ --ఐఎన్‌ఐ అని కొడితే కమాండ్ లైన్ వాడే ఫైల్ చెబుతుంది. వెబ్ వైపు ఎఫ్‌పీఎం (వెబ్ రిక్వెస్టుల కోసం పీహెచ్‌పీని నడిపే ప్రోగ్రామ్) వాడేది చాలా సర్వర్లలో వేరే ఫైల్. దాన్ని పీహెచ్‌పీఇన్ఫో పేజీలో 'లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్' అన్న వరుసలో చూడాలి, చూశాక ఆ పేజీని తీసేయాలి. ఈ తేడా తెలియక ఒక ఫైల్ మార్చి ఇంకో చోట ఫలితం కోసం గంటలు వెతికేవాళ్లు చాలామంది. ఐఎన్‌ఐ మార్చాక ఎఫ్‌పీఎంను రీలోడ్ చేయడం మరవకండి. ఫోల్డర్‌కి విడిగా పెట్టే .యూజర్.ఐఎన్‌ఐ వాడితే రీలోడ్ అక్కర్లేదు కానీ, అది 300 సెకన్లు క్యాష్‌లో ఉంటుంది కాబట్టి మార్పు వెంటనే కనిపించదు.

మార్చాల్సినవి నాలుగే. ఎర్రర్ రిపోర్టింగ్‌ను అన్నిచోట్లా ఈ ఆల్ మీదే ఉంచండి (8.0 నుంచి డిఫాల్ట్ కూడా అదే). లాగ్ ఎర్రర్స్ ఆన్. ఎర్రర్ లాగ్‌కి పూర్తి పాత్ ఇవ్వండి, అది వెబ్ ఫోల్డర్ బయట ఉండాలి. డిస్‌ప్లే ఎర్రర్స్ మీ సొంత మెషీన్‌లో ఆన్, జనం వాడే సర్వర్‌లో ఆఫ్.

ఈ నాలుగోదాన్ని భద్రత కోసమే ఆఫ్ చేయాలని అందరూ చెబుతారు. అది నిజమే, ఫైల్ పాత్‌లు, క్వెరీలు బయటపడతాయి. కానీ ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. డిస్‌ప్లే ఆఫ్‌లో ఉండి, హెడర్లు ఇంకా వెళ్లకపోతే, ఫేటల్ ఎర్రర్ వచ్చినప్పుడు పీహెచ్‌పీ తనంతట తానే 500 స్టేటస్ పంపుతుంది. ఆన్‌లో ఉంటే అదే ఎర్రర్ 200తో వెళ్తుంది. అంటే పేజీ కూలిపోయినా మానిటరింగ్ టూల్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, సెర్చ్ ఇంజన్ ఆ ఎర్రర్ టెక్స్ట్‌నే పేజీ అనుకుని ఎక్కించుకుంటుంది. ఎఫ్‌పీఎం పూల్ ఫైల్లో పీహెచ్‌పీ అడ్మిన్ ఫ్లాగ్ ద్వారా ఆఫ్ చేస్తే కోడ్‌లో ఎవరూ ఐఎన్‌ఐ సెట్‌తో మళ్లీ తెరవలేరు. ప్రొడక్షన్‌కి అదే మేలు.

సెట్ చేశాక పరీక్షించండి. లేని ఫంక్షన్ ఒకదాన్ని పిలిచే రెండు లైన్ల ఫైల్ రాసి బ్రౌజర్‌లో తెరవండి. 500 రావాలి, లాగ్‌లో ఒక లైన్ పడాలి. పడలేదంటే లాగ్ ఫైల్ మీద ఎఫ్‌పీఎం యూజర్‌కి రాసే అనుమతి ఉందో లేదో చూడండి. ఫైల్ తెరవలేకపోతే పీహెచ్‌పీ ఆ మెసేజ్‌ని వెబ్ సర్వర్ లాగ్ వైపు తోసేస్తుంది కాబట్టి అక్కడ కూడా వెతకండి.

ఐఎన్‌ఐ సెట్‌తో డిస్‌ప్లే ఆన్ చేశాం, అయినా తెల్ల పేజీయే వస్తోందంటే అది చాలాసార్లు ఆ ఫైల్లోనే ఉన్న సింటాక్స్ తప్పు. ఫైల్ కంపైలే కానప్పుడు అందులోని ఐఎన్‌ఐ సెట్ నడిచే ప్రశ్నే లేదు. పీహెచ్‌పీ -ఎల్ అని ఫైల్ పేరు ఇస్తే కోడ్ నడపకుండానే సింటాక్స్ చూసి చెబుతుంది. సర్వర్‌కి పంపేముందు మారిన ప్రతి ఫైల్ మీదా అది నడిచేలా పెట్టుకోండి.

రెండు కుటుంబాలు, ఒక పెద్ద

పీహెచ్‌పీలో తప్పులు రెండు రకాలుగా బయటికొస్తాయి. ఒకటి పాతకాలపు వార్నింగులు, నోటీసులు. ఇవి ఒక మాట అనేసి పక్కకు తప్పుకుంటాయి, కోడ్ ముందుకు సాగిపోతుంది. రెండోది ఎక్సెప్షన్లు. 2004లో పీహెచ్‌పీ 5తో వచ్చాయి, పట్టుకోకపోతే ప్రోగ్రామ్ అక్కడితో ఆగిపోతుంది. 2015 చివర్లో వచ్చిన 7.0 పెద్ద మార్పు తెచ్చింది. అంతకుముందు పట్టుకోవడానికే వీల్లేని ఫేటల్ ఎర్రర్లలో చాలావాటిని ఎర్రర్ అనే క్లాస్ కిందకి తెచ్చింది. టైప్ఎర్రర్, పార్స్ఎర్రర్, డివిజన్‌బైజీరోఎర్రర్ దాని పిల్లలు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎర్రర్ అనేది ఎక్సెప్షన్ కింద ఉండదు. రెండూ అన్నదమ్ముల్లాంటివి, రెండింటి మీదా ఉన్న ఇంటర్‌ఫేస్ పేరు త్రోవబుల్. ఎక్సెప్షన్‌ని మాత్రమే క్యాచ్ చేస్తే టైప్ఎర్రర్ పక్కనుంచి జారిపోతుంది. అన్నీ పట్టాలంటే త్రోవబుల్ అని రాయాలి. అలా రాయాల్సిన చోట్లు ఒకటీ రెండే ఉంటాయి, వాటి సంగతి కింద వస్తుంది.

2020లో వచ్చిన 8.0 ఇంకాస్త బిగించింది. సున్నాతో భాగిస్తే వార్నింగ్ బదులు డివిజన్‌బైజీరోఎర్రర్, లేని వేరియబుల్ వాడితే నోటీస్ బదులు వార్నింగ్. డేటాబేస్‌తో మాట్లాడే పీడీఓ డిఫాల్ట్‌గానే ఎక్సెప్షన్లు త్రో చేయడం (విసరడం) కూడా అప్పుడే మొదలైంది, అదే పని చేసే మైఎస్‌క్యూఎల్‌ఐ 8.1లో ఆ దారికొచ్చింది. పాత సర్వర్ నుంచి మారినప్పుడు నిన్నటిదాకా నడిచిన పేజీ ఇవాళ కూలడానికి తరచూ కారణం ఇదే. కోడ్‌లో తప్పు ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు బయటపడింది అంతే.

వార్నింగును ఎక్సెప్షన్‌గా మార్చడం

వార్నింగ్ వచ్చాక కోడ్ ముందుకు సాగడమే అసలు ప్రమాదం. ఫైల్ గెట్ కంటెంట్స్ ఫైల్ దొరక్క ఫాల్స్ ఇచ్చింది. దాన్ని ఎవరూ చూడలేదు. ఆ ఫాల్స్ ఖాళీ స్ట్రింగ్‌గా మారి డేటాబేస్‌లో సేవ్ అయింది. మూడు రోజుల తర్వాత ఇంకెక్కడో రిపోర్ట్ తప్పు వస్తే ఈ లైన్‌కి ఎవరు చేరుకోగలరు?

అప్లికేషన్ మొదలయ్యే చోట, అంటే మొదటి ఇన్‌క్లూడ్ కంటే ముందు, సెట్ ఎర్రర్ హ్యాండ్లర్‌కి ఒక ఫంక్షన్ ఇవ్వండి. దానికి తీవ్రత నంబర్, మెసేజ్, ఫైల్, లైన్ అందుతాయి. పాత ఉదాహరణల్లో కనిపించే ఐదో పారామీటర్ 8.0లో పోయింది, తీసేయండి. ఆ ఫంక్షన్ లోపల ఇలా నడవాలి. మొదట, ఎర్రర్ రిపోర్టింగ్ విలువతో తీవ్రతను బిట్ ఆండ్ చేసి సున్నా వస్తే ఫాల్స్ తిరిగివ్వండి. తర్వాత, తీవ్రత డిప్రికేటెడ్ (8192) లేదా యూజర్ డిప్రికేటెడ్ (16384) అయితే లాగ్‌లో రాసి ట్రూ ఇవ్వండి. మిగతా అన్నింటికీ ఎర్రర్ఎక్సెప్షన్ త్రో చేయండి. దాని పారామీటర్ల వరుస మెసేజ్, కోడ్, తీవ్రత, ఫైల్, లైన్. కోడ్ దగ్గర 0 పెట్టాలి. అది మరిచి తీవ్రతను రెండో స్థానంలో ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు.

డిప్రికేటెడ్‌ని ఎందుకు త్రో చేయకూడదంటే, అది ఇప్పటి తప్పు కాదు, రాబోయే వెర్షన్ గురించిన హెచ్చరిక. దాన్ని ఎక్సెప్షన్ చేస్తే పీహెచ్‌పీ అప్‌డేట్ చేసిన రోజే సైట్ మొత్తం పడిపోతుంది.

మొదటి చెక్ @ గుర్తు కోసం. పాత కోడ్‌లో ఎర్రర్ రిపోర్టింగ్ విలువ 0 అయిందా అని చూసేవాళ్లు. 8.0 నుంచి @ ఉన్నప్పుడు ఆ విలువ 0 కాదు, 4437. పాత చెక్ అలాగే ఉంచితే @ పెట్టిన చోట కూడా ఎక్సెప్షన్ వచ్చిపడుతుంది. ఇంతకీ @ వాడొచ్చా? దాదాపుగా వద్దు. న్యాయమైన చోటు ఒకటుంది. ఒకే ఫోల్డర్‌ని రెండు రిక్వెస్టులు ఒకేసారి సృష్టించబోతే ఒకదానికి వార్నింగ్ తప్పదు. అక్కడ @ పెట్టి ఎంకేడిఐఆర్ పిలిచి, ఫాల్స్ వస్తే ఈజ్ డిఐఆర్‌తో ఫోల్డర్ ఉందో లేదో చూసి, లేకపోతేనే మీ సొంత ఎక్సెప్షన్ త్రో చేయడం సరైన పద్ధతి.

ఏళ్ల తరబడి నడుస్తున్న పాత అప్లికేషన్‌లో ఈ హ్యాండ్లర్‌ని ఒక్కసారిగా పెట్టకండి. కొన్నాళ్లు త్రో చేయకుండా లాగ్ మాత్రమే రాయించి, వచ్చినవి సరిచేసి, లాగ్ నిశ్శబ్దమయ్యాక త్రో పెట్టండి.

జేసన్ డీకోడ్ లాంటివి వార్నింగ్ కూడా ఇవ్వవు, చెడ్డ టెక్స్ట్ ఇస్తే నల్ ఇచ్చి ఊరుకుంటాయి. దానికి జేసన్ త్రో ఆన్ ఎర్రర్ ఫ్లాగ్ (7.3 నుంచి) ప్రతిచోటా పెట్టండి. ప్రెగ్ మ్యాచ్ విషయంలో 0 అంటే మ్యాచ్ కాలేదని, ఫాల్స్ అంటే అసలు పనే జరగలేదని. మూడు సమాన గుర్తులతోనే పోల్చాలి.

ఎక్కడ క్యాచ్ చేయాలి

ట్రై, క్యాచ్ రాసే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: పట్టుకుని ఇక్కడ ఏం చేయగలను? వేరే దారి ఉంటే పట్టుకోండి, ఉదాహరణకు క్యాష్ సర్వర్ అందకపోతే డేటాబేస్ నుంచే చదవడం. పై పొరకు అర్థమయ్యే భాషలోకి మార్చాలన్నా పట్టుకోండి. సగంలో ఆగిన పనిని వెనక్కి తిప్పాలన్నా పట్టుకోండి. ఇవేవీ కాకపోతే వదిలేయండి, పైకి పోనివ్వండి. ప్రతి ఫంక్షన్‌కీ ట్రై చుట్టడం జాగ్రత్త అనిపించుకోదు. అది తప్పును పాతిపెట్టడం.

మార్చేటప్పుడు అసలు ఎక్సెప్షన్‌ని మూడో పారామీటర్‌గా, అంటే ప్రీవియస్‌గా ఇవ్వాలి. లేకపోతే లాగ్‌లో 'ఆర్డర్ సేవ్ కాలేదు' అన్న ముక్క మిగులుతుంది, ఎందుకు కాలేదో మిగలదు. పీడీఓ దగ్గర ఇక్కడ ఒక గోతి ఉంది. మామూలు ఎక్సెప్షన్ కోడ్ పూర్ణాంకం, పీడీఓఎక్సెప్షన్ గెట్‌కోడ్ ఇచ్చేది మాత్రం తరచుగా స్ట్రింగ్. టేబుల్ లేకపోతే వచ్చే ఎస్‌క్యూఎల్ స్టేట్ 42ఎస్02. దాన్ని అలాగే మీ కొత్త ఎక్సెప్షన్ రెండో పారామీటర్‌కి ఇస్తే, ఎర్రర్ హ్యాండిల్ చేసే లైన్లోనే కొత్త తప్పు పుడుతుంది, అసలు కారణం వెనక్కిపోతుంది. అక్కడ 0 ఇవ్వండి. డేటాబేస్ నంబర్ కావాలంటే ఎర్రర్‌ఇన్ఫో అర్రేలో రెండో విలువ తీసుకోండి. మైఎస్‌క్యూఎల్‌లో అది 1062 అయితే డూప్లికేట్, యూజర్‌కి 'ఈ ఈమెయిల్ ఇప్పటికే ఉంది' అని చెప్పొచ్చు. 1213 అయితే డెడ్‌లాక్ (రెండు పనులు ఒకదాని తాళం కోసం ఇంకొకటి ఆగిపోవడం), ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదన్న క్వెరీల గుంపు) మొత్తాన్ని మొదటి నుంచి మళ్లీ నడపొచ్చు. రెండుమూడు సార్లు, మధ్యలో కాస్త విరామం ఇచ్చి, అంతకుమించి వద్దు.

ట్రాన్సాక్షన్ విషయంలో మాత్రం త్రోవబుల్‌నే పట్టుకోవాలి. బిగిన్, పని, కమిట్ ట్రై లోపల ఉంటాయి. క్యాచ్‌లో ఇన్‌ట్రాన్సాక్షన్ ట్రూ అయితేనే రోల్‌బ్యాక్ (చేసినవన్నీ వెనక్కి తిప్పడం), ఆ తర్వాత అదే ఎక్సెప్షన్‌ని మళ్లీ త్రో. ఆ చెక్ ఎందుకంటే, మధ్యలో టేబుల్ నిర్మాణాన్ని మార్చే స్టేట్‌మెంట్ ఏదైనా ఉంటే మైఎస్‌క్యూఎల్ తనే కమిట్ చేసేస్తుంది. అప్పుడు రోల్‌బ్యాక్ పిలిస్తే అదే ఇంకో ఎక్సెప్షన్ త్రో చేస్తుంది. ఈమెయిల్ పంపడం, పేమెంట్ గేట్‌వేని పిలవడం లాంటివి ట్రాన్సాక్షన్ లోపల పెట్టకండి. వెళ్లిన మెయిల్‌కి రోల్‌బ్యాక్ లేదు.

ఇప్పుడు అందరినీ ఒక్కసారైనా ముంచే తప్పు. ఫైల్ పైన నేమ్‌స్పేస్ యాప్ అని ఉంది. లోపల క్యాచ్‌లో ఎక్సెప్షన్ అని ఊరికే రాశారు. పీహెచ్‌పీ దాన్ని యాప్\ఎక్సెప్షన్ అని చదువుకుంటుంది. అలాంటి క్లాస్ లేదు. కానీ క్యాచ్‌లో లేని క్లాస్ పేరు రాస్తే పీహెచ్‌పీ గోల చేయదు, ఆ బ్లాక్‌ని దాటేస్తుంది, అంతే. కోడ్ చూడ్డానికి నిండుగా ఉంటుంది, పట్టేది మాత్రం శూన్యం. ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టండి, లేదా పైన యూజ్ లైన్ రాయండి. పీహెచ్‌పీస్టాన్ లాంటి స్టాటిక్ ఎనలైజర్ నడిపితే ఇలాంటివి ముందే దొరుకుతాయి.

ఫైనల్లీ (5.5 నుంచి) తాళాలు వదలడానికి, తాత్కాలిక ఫైళ్లు తుడవడానికి. అందులో రిటర్న్ మాత్రం రాయకండి. ఆ రిటర్న్ పైకి వెళ్తున్న ఎక్సెప్షన్‌ని చడీచప్పుడు లేకుండా చంపేస్తుంది. క్యాచ్‌ల వరుస కూడా చూసుకోండి. ముందే ఎక్సెప్షన్ పెడితే కింద రాసిన ప్రత్యేకమైనవాటికి వంతే రాదు.

చివరి వల

ఎవరూ పట్టనివి వచ్చిపడే చోటు ఒకటుండాలి, సెట్ ఎక్సెప్షన్ హ్యాండ్లర్. త్రోవబుల్‌ని పూర్తిగా తీసుకునే రెండో చోటు ఇది. దీనిలో పని వరుస ముఖ్యం. రాండమ్ బైట్స్‌తో 8 బైట్లు తీసి బిన్2హెక్స్ చేస్తే 16 అక్షరాల గుర్తింపు వస్తుంది. దాంతో కలిపి ఎక్సెప్షన్ క్లాస్, మెసేజ్, ఫైల్, లైన్, ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా), ప్రీవియస్ గొలుసు మొత్తం లాగ్‌లో రాయండి. తర్వాత తెరిచి ఉన్న అవుట్‌పుట్ బఫర్లు ఖాళీ చేయండి, లేదంటే సగం టేబుల్ కింద ఎర్రర్ పేజీ అతుక్కుంటుంది. హెడర్లు వెళ్లకపోతే హెచ్‌టీటీపీ రెస్పాన్స్ కోడ్‌ని 500 చేయండి. ఇది మీరే చేయాలి, సొంత హ్యాండ్లర్ ఉన్నప్పుడు పీహెచ్‌పీ దానంతట అది 500 ఇవ్వదు. చివరగా చిన్న పేజీ చూపి అందులో ఆ 16 అక్షరాలు ఇవ్వండి. యూజర్ అది చెబితే లాగ్‌లో నేరుగా ఆ లైన్‌కి వెళ్తారు. ఏపీఐ అయితే హెచ్‌టీఎంఎల్ బదులు జేసన్.

ఈ హ్యాండ్లర్ దేనిమీదా ఆధారపడకూడదు. డేటాబేస్ పడిపోయినందుకే ఇక్కడికి వచ్చి ఉండొచ్చు, ఇక్కడ మళ్లీ డేటాబేస్‌లో లాగ్ రాయబోతే అంతే సంగతులు. టెంప్లేట్ ఇంజన్ కూడా వద్దు, మామూలు హెచ్‌టీఎంఎల్ చాలు.

దీనికీ చిక్కనివి కొన్ని ఉంటాయి. మెమరీ అయిపోవడం వాటిలో మొదటిది. లాగ్‌లో 134217728 బైట్లు అని కనిపిస్తే అది 128 ఎంబీ పరిమితి. వీటికోసం రిజిస్టర్ షట్‌డౌన్ ఫంక్షన్ పెట్టి, అందులో ఎర్రర్ గెట్ లాస్ట్ చూడాలి. అది ఎప్పుడో వచ్చిపోయిన వార్నింగ్‌ని కూడా చూపిస్తుంది కాబట్టి టైప్ 1, 4, 16, 64లలో ఒకటైతేనే ముందుకెళ్లండి. మెమరీ నిండినప్పుడు ఈ ఫంక్షన్‌కే చోటు చాలకపోవచ్చు. మొదట్లో 32 కేబీ స్ట్రింగ్ ఒకటి గ్లోబల్‌గా ఉంచి, ఇక్కడ మొదటి లైన్లో దాన్ని నల్ చేస్తే ఊపిరాడుతుంది.

టైమ్‌అవుట్ గురించి కూడా ఒక సంగతి. మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ డిఫాల్ట్ 30 సెకన్లు. కానీ లినక్స్‌లో డేటాబేస్ కోసం, నెట్‌వర్క్ కోసం ఎదురుచూసిన సమయం ఆ లెక్కలోకి రాదు. నెమ్మదిగా నడిచే క్వెరీని అది ఆపదు. ఎఫ్‌పీఎం రిక్వెస్ట్ టెర్మినేట్ టైమ్‌అవుట్ ఆపుతుంది, కానీ అది ప్రాసెస్‌నే చంపేస్తుంది, షట్‌డౌన్ ఫంక్షన్ నడవదు, ఆనవాలు ఎఫ్‌పీఎం లాగ్‌లోనే దొరుకుతుంది. వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ డిఫాల్ట్‌గా 60 సెకన్లు చూసి 504 (టైమ్‌అవుట్) ఇస్తుంది. 504 వచ్చి పీహెచ్‌పీ లాగ్ ఖాళీగా ఉంటే ముందు స్లో క్వెరీల వైపు చూడండి.

లాగ్ చదవడం, లాగ్ రాయడం

ఎక్కువగా కనిపించే లైన్ 'కాల్ టు ఎ మెంబర్ ఫంక్షన్... ఆన్ నల్'. ఆ లైన్ నంబర్ దగ్గరికెళ్లి అక్కడ ఇఫ్ పెట్టి నోరు మూయించకండి. పేలింది అక్కడ, తప్పు జరిగింది అంతకుముందు. ఆ వేరియబుల్‌కి నల్ ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి వెళ్లాలి. సాధారణంగా ఐడీతో వెతికే ఫంక్షన్ రికార్డు దొరక్క నల్ ఇచ్చి ఉంటుంది. రికార్డు లేకపోవడం మామూలే అయితే కంట్రోలర్‌లో 404 ఇవ్వండి. తప్పకుండా ఉండాల్సిందైతే వెతికే ఫంక్షనే ఐడీతో సహా ఎక్సెప్షన్ త్రో చేయాలి.

'హెడర్స్ ఆల్రెడీ సెంట్' అంటే హెడర్ కంటే ముందే ఏదో బయటికి వెళ్లింది. ఎక్కడ మొదలైందో ఆ మెసేజ్‌లోనే 'అవుట్‌పుట్ స్టార్టెడ్ ఎట్' తర్వాత ఉంటుంది, చూడాల్సింది ఆ లైన్. ఫైల్ చివర ముగింపు ట్యాగ్ తర్వాతి ఖాళీ లైన్లు, మొదట్లో ఎడిటర్ చేర్చిన మూడు బైట్ల బామ్ (ఎన్‌కోడింగ్ చెప్పే, కంటికి కనబడని గుర్తు) దీనికి అలవాటైన కారణాలు. పీహెచ్‌పీ మాత్రమే ఉన్న ఫైళ్లలో ముగింపు ట్యాగ్ రాయకండి.

లాగ్ ఒక్కసారే రాయాలి. ప్రతి పొరలో పట్టుకుని, లాగ్ రాసి, మళ్లీ త్రో చేస్తే ఒక తప్పుకి నాలుగు ట్రేసులు పడతాయి, అసలైంది ఏదో తెలియదు. ట్రేస్‌లో ఫంక్షన్లకిచ్చిన విలువలు, అంటే పాస్‌వర్డ్‌లు కూడా రావొచ్చు. ప్రొడక్షన్‌లో జెండ్.ఎక్సెప్షన్ ఇగ్నోర్ ఆర్గ్స్ (7.4 నుంచి) ఆన్ చేయండి. 8.2 నుంచైతే పాస్‌వర్డ్ తీసుకునే పారామీటర్‌కి సెన్సిటివ్‌పారామీటర్ అట్రిబ్యూట్ తగిలించండి.

అంతా పెట్టాక టెస్ట్ సర్వర్‌లో ఐదు తప్పులు కావాలని చేయండి. అర్రేలో లేని కీ చదవండి. లేని ఫంక్షన్ పిలవండి. ట్రాన్సాక్షన్ మధ్యలో ఎక్సెప్షన్ త్రో చేసి టేబుల్‌లో ఏమీ మిగల్లేదని చూడండి. స్ట్రింగ్‌ని లూప్‌లో పెంచుతూ మెమరీ నింపండి. ఇన్‌క్లూడ్ చేసే ఫైల్లో ఒక సెమికోలన్ తీసేయండి. ఐదింటికీ బ్రౌజర్‌లో 500, లాగ్‌లో ఒక్కొక్క ఎంట్రీ పడితే సర్వర్‌కి పంపొచ్చు. ఏదైనా 200 ఇచ్చినా, రెండు ఎంట్రీలు పడినా, ఆ దారిలో ఉన్న క్యాచ్‌లు తెరిచి చూడండి.